వినడం నేర్పే బడి

బెంగుళూరు వెళ్ళివచ్చిన తెలుగువాణ్ణి లాల్‌బాగు చూశావా, విధానసౌధ చూశావా అని అడగడం రివాజు. ఆ రెండూ చూడకుండా తిరిగివచ్చిన నన్ను మా వీధివాళ్ళు వింతగా చూశారు. నేను వెళ్ళింది ఒక చదువు సంగతి తేల్చుకోవడానికి. ఆ చదువు పేరు కౌన్సిలింగ్ సైకాలజీ. చదవబోయేది మా చెల్లెలి కూతురు. చెప్పేది క్రైస్ట్ యూనివర్శిటీ. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మా ఇంట్లో గొడవ లేకుండా కుదరలేదు.

గొడవ ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. 2015లో మా మేనల్లుడు, అంటే ఈ అమ్మాయి తమ్ముడు, ఇంటర్మీడియెట్‌లో లెక్కల పరీక్ష తప్పాడు. నేను ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నా మేనల్లుడు లెక్కల్లో తప్పడమా! ఫలితాలు వచ్చిన సాయంత్రం వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి గంటన్నరసేపు హితబోధ చేశాను. మా తాత దీపం లేక వీధి లాంతరు కింద చదువుకోవడం దగ్గర మొదలుపెట్టి, వాడి తండ్రి చేసిన అప్పుల దాకా అన్నీ చెప్పాను. వాడు తల వంచుకొని విన్నాడు. "అర్థమయిందా?" అన్నాను. "అయింది మావయ్యా" అన్నాడు. నేను తృప్తిగా ఇంటికి వెళ్ళి నిద్రపోయాను. తెల్లారేసరికి వాడు ఇంట్లో లేడు.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో వ్రాయడం నాకు చేతకాదు. మా చెల్లెలు వాకిట్లోంచి లేవలేదు. నేను గుంటూరు స్టేషనులో ప్రతి రైలూ చూశాను. కాలవగట్ల వెంట కూడా తిరిగాను. ఎందుకు తిరిగానో ఇంట్లో చెప్పలేదు. పదకొండో రోజు సాయంత్రం వాడే వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. ఎక్కడికి వెళ్ళావురా అని ఎందరు ఎన్ని విధాల అడిగినా నోరు విప్పలేదు. మళ్ళీ పరీక్ష వ్రాసి గట్టెక్కాడు, డిగ్రీలో చేరాడు. కాని నేను వాళ్ళింటికి వెడితే మాత్రం పెరటి దారిన బయటికి పోయేవాడు.

రెండేళ్ళ తరువాత ఈ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, కౌన్సిలింగులో ఎం.ఎస్సీ. చదువుతానంది. "మనిషికి నాలుగు మంచిమాటలు చెప్పడానికి ఎం.ఎస్సీ. ఎందుకే? మన వీధిలో ప్రతివాడూ చెబుతాడు" అన్నాను. అది నా వంక చూసి, "మావయ్యా, ఆ రోజు నువ్వు మాట్లాడిన గంటన్నరలో తమ్ముడు ఎన్ని మాటలు మాట్లాడాడు?" అంది. లెక్కల మాస్టరుని గనుక లెక్క వేసుకున్నాను. రెండు మాటలు. ఆ రెండోది 'మావయ్యా' అన్న పిలుపే.

ఇక నేను అడ్డు చెప్పలేదు. మా చెల్లెలికి మాత్రం వేరే బెంగ. "అన్నయ్యా, అది కిరస్తానీ వాళ్ళ కాలేజీ అట. పిల్లని మార్చేస్తారేమో" అంది. నాకు నవ్వు వచ్చింది. మా గుంటూరులో ఆ భయం ఎవరికైనా ఉండవచ్చు గాని మా ఇంట్లో ఉండకూడదు. 1885లో అమెరికా లూథరన్ మిషనరీలు పెట్టిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో నేను చదువుకున్నాను. నందమూరి తారక రామారావుగారు చదివిన కాలేజి అది. డాక్టర్ అన్నా కుగ్లర్ అనే అమెరికా దొరసాని 1898లో తెరిచిన ఆసుపత్రిలోనే మా అమ్మ మా ఇద్దరినీ కన్నది. "కుగ్లరు ఆసుపత్రిలో పుట్టి, ఏ.సి. కాలేజీలో చదివి, ఇవాళ్టికీ ఏకాదశి ఉపవాసం ఉంటున్నాను. పిల్ల సంగతి నాకు వదిలెయ్యి" అన్నాను.

అలా 2017 జూన్ నెలలో ఒక రాత్రి మామా మేనకోడలూ గుంటూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారేసరికి కోస్తా పచ్చదనం మాయమై రాయలసీమ ఎర్రమట్టి, వేరుశనగ చేలు, నల్లని గుండ్రాళ్ళ గుట్టలు వచ్చాయి. హిందూపురం దాటాక స్టేషను బోర్డుల మీద కన్నడం మొదలయింది. మన లిపికి తోబుట్టువు కాబట్టి చదవబోతే చదివినట్టే ఉంటుంది, అర్థం మాత్రం దొరకదు. మధ్యాహ్నానికి బెంగుళూరులో దిగాం.

క్రైస్ట్ యూనివర్శిటీ ముఖ్య ఆవరణ హోసూరు రోడ్డు మీద ఉంది. ఊళ్ళో దానికి ఇంకా మూడు ఆవరణలున్నాయి. రోడ్డు మీద హారన్ల హోరు చెవులు చిల్లులు పొడుస్తుంది. గేటు దాటి లోపలికి అడుగు పెడితే చెట్ల నీడ, శుభ్రమైన బాటలు, మెడలో గుర్తింపు కార్డులు తగిలించుకొని, ఆఫీసులకు పోయేవాళ్ళలా చక్కగా దుస్తులు వేసుకున్న పిల్లలు. నూటికి ఎనభై అయిదు వంతుల హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట. ముప్పై ఏళ్ళు హాజరుపట్టీ పిలిచిన నా ప్రాణం ఈ ఒక్క మాటతో సగం కుదుటపడింది.

దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలంటే కేరళ వెళ్ళాలి. 1831లో మాన్నానంలో సిరియన్ కాథలిక్కుల సన్యాసి సంఘం ఒకటి మొదలయింది. దానిని స్థాపించిన వారిలో ముఖ్యుడు కురియాకోస్ ఎలియాస్ చావర అనే గురువు. ప్రతి చర్చి పక్కనా ఒక బడి ఉండాలని పట్టుబట్టినవాడు. బడికి వచ్చే బీదపిల్లల అన్నానికి ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టే పద్ధతి ఆయన నేర్పిందేనంటారు. మన ఇళ్ళలో గుడికీ మఠానికీ గుప్పెడు బియ్యం తీసిపెట్టినట్టే నన్నమాట. 2014లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. ఆ సంఘంవారి ధర్మారాం అనే విద్యాపీఠం 1957లో బెంగుళూరు వచ్చింది. గురువులు కాబోయేవారు చదువుకునే చోటు అది. దాని పక్కనే 1969లో క్రైస్ట్ కాలేజి వెలిసింది. 2008లో అది యూనివర్శిటీ హోదా పొందింది. యూనివర్శిటీ చిరునామాలో ఇవాళ్టికీ ధర్మారాం పేరే ఉంటుంది. ధర్మారాం అంటే ధర్మాల తోట. ఈ మాట చెబితే మా చెల్లెలి బెంగ తీరుతుందని డైరీలో వ్రాసుకున్నాను. నిజంగానే తీరింది.

పిల్లకు బస సుద్దగుంటెపాళ్యంలో దొరికింది. యూనివర్శిటీ వెనక ఉన్న ఆ సందులనిండా పిల్లల వసతి గృహాలే. ప్రతి నాలుగిళ్ళకూ ఒక ఆంధ్రా మెస్. గోంగూర పచ్చడి, ముద్దపప్పు తిని, దాన్ని వదిలి గుంటూరు వచ్చేశాను.

మళ్ళీ 2018 ఫిబ్రవరిలో వెళ్ళాను. చెట్టుకింద బెంచీ మీద కూర్చుని దాని కోసం ఎదురుచూస్తున్నాను. చెప్పిన వేళకు గంట ఆలస్యంగా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైందే?" అన్నాను. "ఏం లేదు మావయ్యా, ఇవాళ ప్రాక్టికల్‌కు వెళ్ళిన చోట ఒక చిన్నపిల్లతో మాట్లాడాను" అంది. "ఏమంది ఆ పిల్ల?" అన్నాను. "అది నీకు చెప్పకూడదు" అంది. మేనమామకు కూడా చెప్పకూడదా అంటే, "మా పర్యవేక్షకులకు తప్ప ఎవరికీ చెప్పకూడదు. ప్రాణాపాయం ఉంటేనే నియమం సడలుతుంది. ఆ సంగతి వచ్చిన మనిషికి మొదటిరోజే చెప్పేస్తాం" అంది. నాకు కొంచెం రోషం కలిగింది. మా ఇంట్లో రహస్యమంటే పదిమందికి విడివిడిగా చెప్పేది.

అప్పుడే అడిగాను, అసలు ఈ చదువులో మీకు ఏం నేర్పుతారని. అది చెప్పిందంతా ఇక్కడ పెట్టలేను, సారం చెబుతాను.

చదువు రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. మనసు గురించిన సిద్ధాంతాలు, మానసిక వ్యాధుల లక్షణాలు, పరీక్షలు పెట్టి కొలిచే పద్ధతులు, పరిశోధన, వీటన్నిటితో పాటు బోలెడన్ని లెక్కలు. లెక్కలంటే గణాంకశాస్త్రం. (ఇది విని నేను మీసం దువ్వుకున్నాను.) ఇవి పుస్తకాల్లో ఉండేవే. అసలు చదువు ముగ్గురు ముగ్గురుగా కూర్చుని చేసేది. ఒకరు కష్టం చెప్పుకుంటారు, ఒకరు వింటారు, మూడోవారు ఆ వినేవారిని గమనిస్తారు. తరువాత ముగ్గురూ స్థానాలు మార్చుకుంటారు. ఆ సంభాషణ పొల్లుపోకుండా వ్రాసి చూపించాలి. వినేవారు ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ అడగకుండా సలహా ఇచ్చారో, ఎక్కడ ఎదుటివారి మాట మధ్యలో తుంచారో పంతులుగారు ఎర్రసిరాతో గీతలు గీస్తారు.

"మొదటినెలలో నా కాగితాలన్నీ ఎర్రగానే ఉండేవి. అన్నీ నీ పోలికే మావయ్యా!" అంది.

వాళ్ళు చెప్పుకొనే పెద్దలలో కార్ల్ రోజర్స్ అనే అమెరికా ఆయన ఒకరు. ఆయన 1902లో పుట్టాడు. మతబోధకుడు కావాలని న్యూయార్కులో ఒక సెమినరీలో చేరి, రెండేళ్ళ తరువాత మనసు మార్చుకొని వీధి అవతల ఉన్న కొలంబియా టీచర్స్ కాలేజీలో మనస్తత్వశాస్త్రానికి వెళ్ళిపోయాడు. 1942లో కౌన్సిలింగ్ మీద ఆయన వ్రాసిన గ్రంథం పేరుపొందింది. ఎదుటి మనిషిని షరతులు లేకుండా మనిషిగా గౌరవించడం, అతని చోట నిలబడి అతని బాధ తెలుసుకోవడం, వినేవాడు తనలో ఒకటీ పైకి ఒకటీ లేకుండా ఉండడం, ఈ మూడూ ఉంటే కష్టంలో ఉన్నవాడు తన దారి తానే వెతుక్కుంటాడని ఆయన చెప్పాడు. బోధకుడు కాబోయి బోధ మానుకున్న ఆయన కథ ముప్పై ఏళ్ళు బోధించిన నాకు గట్టిగానే తగిలింది.

"మరి క్రైస్తవుల యూనివర్శిటీ గదా, కష్టమని వచ్చినవాణ్ణి ప్రార్థన చేసుకోమని చెప్పమంటారా?" అన్నాను. "వచ్చిన మనిషి దేవుడి మాట ఎత్తితే శ్రద్ధగా వింటాం. ఎత్తకపోతే మేమై ఎత్తం. మా నమ్మకం వాళ్ళ మీద రుద్దకూడదు, అది వృత్తిధర్మం" అంది. నేను ఊరుకోక, మన భగవద్గీత కూడా కౌన్సిలింగే గదా, కృష్ణుడు పద్దెనిమిది అధ్యాయాలు బోధించలేదా అన్నాను. "మొదటి అధ్యాయం మళ్ళీ చదువు మావయ్యా. అర్జునుడు దుఃఖమంతా వెళ్ళబోసుకుంటుంటే కృష్ణుడు ఎన్ని మాటలన్నాడో లెక్కపెట్టు" అంది. ఇంటికి వచ్చాక లెక్కపెట్టాను. అదిగో కౌరవులను చూడమన్న ఒక్క మాట తప్ప ఆ అధ్యాయంలో కృష్ణుడు పలకలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం హోసూరు రోడ్డు వెంట నడిచాం. డెయిరీ సర్కిల్ దాటి రెండు మూడు కిలోమీటర్లు పోతే నిమ్‌హాన్స్ వస్తుంది. దేశం నలుమూలల నుంచీ మానసిక వ్యాధిగ్రస్తులను తీసుకువచ్చే పెద్దాసుపత్రి అది. మైసూరు ప్రభుత్వపు పాత మానసిక చికిత్సాలయమూ, 1954లో వెలసిన అఖిల భారత సంస్థా 1974లో కలిసిపోయి ఈ పేరు పెట్టుకున్నాయి. యూనివర్శిటీకీ దీనికీ తపాలా పిన్‌కోడు ఒకటే, 560029. గేటు దగ్గర మన వైపునుంచి వచ్చినవాళ్ళు చాలామంది కనిపించారు. కర్నూలు యాస, చిత్తూరు యాస వినిపించాయి. ఒక ముసలాయన ఎదిగిన కొడుకు చెయ్యి పట్టుకొని, చంటిపిల్లవాణ్ణి నడిపించినట్టు నడిపిస్తున్నాడు. ఏ ఊరండీ అని అడగబోయి ఊరుకున్నాను. ఆ పూట అది నేను నేర్చుకున్న మొదటి పాఠం.

నిమ్‌హాన్స్ వారు 2015–16లో పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మంది, ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. వ్యాధినిబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండింటిలో లేవు. లెక్కలో లేనంత మాత్రాన మనకు కష్టం లేదని కాదు గదా.

ఈ చదువుకు పిల్లలను పంపదలచిన తల్లిదండ్రుల కోసం రెండు మూడు మాటలు. కౌన్సిలింగ్ చదివినవారు డాక్టర్లు కారు, మందులు వ్రాయరు. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే వేరే శిక్షణ ఉంది, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలిలో పేరు నమోదు కావాలి. ఇంట్లో కూర్చుని ఉత్తరాల ద్వారానో, ఆన్‌లైన్‌లోనో చదివేస్తే సరిపోదా అంటే, 2025లో యు.జి.సి. అలాంటి సైకాలజీ కోర్సులలో కొత్త ప్రవేశాలు ఆపించింది. మనిషి ఎదుట కూర్చోకుండా ఈత నేర్చుకోవడం ఎంతో, ఈ విద్య నేర్చుకోవడమూ అంతేనని నాకు అనిపించింది, నీళ్ళలో దిగాల్సిందే. ఇక ఉద్యోగాల మాట. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక ఆదేశమిచ్చింది. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సిలరును పెట్టుకోవాలి. ఎవరి బిడ్డో పోయాక వచ్చిన ఆదేశం అది. చదివిన పిల్లల కోసం ఇక బళ్ళు ఎదురుచూడవలసిందే. అంతదాకా ఆగలేనివారికి టెలి మానస్ అని 2022 అక్టోబరు 10న మొదలయిన ప్రభుత్వ సేవ ఉంది. 14416కు ఫోను చేస్తే పగలైనా రాత్రైనా వినేవారుంటారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

మళ్ళీ నా కథకు వస్తాను. 2019 వేసవిలో అమ్మాయి చదువు ముగిసింది. బెంగుళూరులోనే ఒక బడిలో కౌన్సిలరుగా ఉద్యోగం దొరికింది. వసతి గృహం నుంచి అద్దె గదికి సామాను మార్చాలి, ఇద్దరు మనుషులు కావాలి అని కబురు చేసింది. రెండోమనిషిగా తమ్ముణ్ణి తీసుకురమ్మంది. అది కావాలనే అలా చేసిందని నాకు తెలుసు. వాడికీ తెలుసు. వెళ్ళేటప్పుడు రాత్రంతా వాడు పై బెర్తు దిగలేదు.

సామాను మోశాం. పుస్తకాలే పది పెట్టెలు. తిరుగు ప్రయాణం రోజున స్టేషనులో అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "మావయ్యా, వాణ్ణి ఏమీ అడగకు. వాడై మాట్లాడితే మధ్యలో ఆపకు. వాడు ఊరుకుంటే నువ్వూ ఊరుకో. ఆ నిశ్శబ్దం నువ్వు పూరించనక్కరలేదు" అంది. హాలు టికెట్ తీసుకున్న పిల్లవాడిలా తల ఊపాను.

హిందూపురం పోయింది, ధర్మవరం పోయింది. అనంతపురంలో టీ తాగాం. గుత్తి, డోను పోయాయి. మేనల్లుడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నా నాలుక దురద పెట్టింది. ఏరా, ఉద్యోగం సంగతి ఏంచేశావు అని ఎన్నిసార్లు అడగబోయానో, ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు. నంద్యాల దాటాక రైలు నల్లమల అడవిలోకి ప్రవేశించింది. బయట చీకటి. బొగద సొరంగంలో దూరినప్పుడు పెట్టెంతా ఆ హోరుతో నిండిపోయింది. బయటికి వచ్చాక వాడు నా వంక చూడకుండానే, "మావయ్యా, అప్పుడు నేను ఇదే రైలెక్కాను" అన్నాడు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం దాకా వాడు చెబుతూనే ఉన్నాడు. మధ్యలో చాలాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఒకచోట నా కళ్ళద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఒకచోట వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పదకొండు రోజులూ వాడు ఎక్కడున్నాడో, ఏం చేయబోయాడో, ఎవరు వాణ్ణి వెనక్కు పంపారో ఇప్పుడు నాకు తెలుసు. పాఠకులు మన్నించాలి, అవి ఇక్కడ వ్రాయను. అవి వాడి మాటలు.

తెల్లవారకముందే గుంటూరులో దిగి ఇంటికి చేరాం. వాడు స్నానానికి వెళ్ళాడు. మా చెల్లెలు నన్ను వంటింట్లోకి లాగి, "రైల్లో ఏమన్నా మాట్లాడాడా అన్నయ్యా? ఏమన్నాడు?" అని గుసగుసగా అడిగింది.

"కాఫీ పెట్టమ్మా" అన్నాను.